మంట లేని పొయ్యి

"గ్యాస్ పొయ్యిల వైపు మాత్రం తీసుకెళ్లకమ్మా. మంట కంటబడితే మా వాడు ఏమైపోతాడో ఏమో" అంది తల్లి, షాపు గడప ఇంకా దాటకుండానే.

పొయ్యిలు చూపించే అమ్మాయి ఆమె వెనక నిలబడిన కొడుకు వైపు చూసింది. ఆరడుగుల మనిషి. ఇంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టుకున్నాడు.

తల్లి గొంతు తగ్గించి సంగతి చెప్పింది. ఆమె గొంతు తగ్గించడమంటే పక్క షాపుకు వినబడకపోవడం, అంతే. కొడుకు క్యాంటీన్‌లో వంటవాడు. అక్కడ పెద్ద పొయ్యి భగ్గుమని ఎగిసి చెయ్యి కాలింది. చెయ్యి మానింది, మాట పోయింది. గొంతులో లోపమేమీ లేదన్నాడు డాక్టరు. ఏదో ఒకటి అడుగుతూ ఉండండి, జవాబు వచ్చేదాకా ఆగండి అన్నాడు.

అడగడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆగడమే రాదు. కొడుకు నోరు తెరవని ప్రతి క్షణమూ, ఇక ఎప్పటికీ తెరవడేమోనని హడలిపోతుంది. అందుకే ప్రశ్న వెంటే జవాబు కూడా తనే చెప్పేసుకుంటుంది. వాడు స్నానానికి వెళితే తలుపు దగ్గర చెవి పెట్టి నిలబడుతుంది, నీళ్ల చప్పుడులో చిన్న కూనిరాగమైనా వినబడుతుందేమోనని. వాడు దగ్గితే చాలు, ఏమన్నావు నాన్నా అంటూ పరుగెత్తుతుంది. అమ్మా అని పిలవక్కర్లేదు. నీ వంటలో ఉప్పు తక్కువని మునుపటిలా విసుక్కున్నా చాలు.

ఇంట్లో అగ్గిపెట్టెలు దాచేసింది. ఉన్న గ్యాస్ పొయ్యి పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. కూతురి ఇంటినుంచి వచ్చే క్యారియర్‌తో ఎన్నాళ్లని నెట్టుకొస్తారు? మంట లేని పొయ్యి ఏదైనా ఉంటే వంటింటి గట్టులో బిగించుకుందామని వచ్చింది.

అమ్మాయి ముందుగా, గాజు పలక కింద తీగచుట్ట ఉండే కరెంటు పొయ్యి వేసింది. గాజు కింద మెల్లగా ఎరుపు పాకింది. తల్లి చప్పున కొడుక్కీ పొయ్యికీ మధ్య అడ్డంగా నిలబడింది. ఆపేశాక కూడా గాజు కాసేపు వేడిగానే ఉంటుందని అమ్మాయి చెప్పేసరికి ఇంకా బెదిరిపోయింది.

"వద్దమ్మా. ఆరిపోయిందనుకుని మా వాడు చెయ్యి పెడతాడు. పెట్టినా, అరవడు కూడా."

అమ్మాయి వాళ్లను ఇండక్షన్ పొయ్యి దగ్గరకు తీసుకెళ్లింది. గాజుకూ గిన్నెకూ మధ్య కాగితం పరిచి నీళ్లు మరిగించింది. కాగితం మాడలేదు. గిన్నె ఎత్తగానే పొయ్యి దానంతటదే ఆగిపోయింది, మళ్లీ పెట్టగానే అందుకుంది. అయస్కాంతం అంటుకునే గిన్నెలే దీనికి పనికొస్తాయని చెప్పింది. షాక్ కొడితే ఎలా అని తల్లి అడిగింది. గాజు పగిలితే ఎలా అంది. వంట మధ్యలో కరెంటు పోతే ఎలా అంది. అన్నిటికీ అమ్మాయి ఓపిగ్గా జవాబు చెప్పింది. చివరికి భయపడడానికి ఇంకేమీ మిగలక ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఇది బాగుంది కదూ నాన్నా? బాగుందిలే. నీకూ నచ్చింది."

కొడుకు మరుగుతున్న నీళ్లను, గొంతు నొక్కేసిన టీవీని చూసినట్టు చూస్తున్నాడు.

అంతలో అవతలి గట్టు దగ్గర ఎవరో గ్యాస్ పొయ్యి వెలిగించి చూపమన్నారు. టక్కుమని చప్పుడయింది. నీలం మంట గుండ్రంగా లేచింది. కొడుకు తల అటు తిరిగింది. వాడి కళ్లలో ఆ నీలం మెరిసింది. తల్లి వాడి చొక్కా పట్టుకుని ఇటు లాగి, అటు చూడకు నాన్నా, ఇంటికెళ్లిపోదాం అంది.

"ప్రశ్నా మీదే, జవాబూ మీదే అయితే సార్‌ని ఎందుకు తీసుకొచ్చారండీ?" అంది అమ్మాయి నవ్వుతూ.

ఇంట్లో ఒంటరిగా వదిలితే ఏ అఘాయిత్యం చేసుకుంటాడోనని భయం అంది తల్లి. నవ్విన అమ్మాయి ముఖం చిన్నబోయింది. పొయ్యి ఆపి, ఇక ఇండక్షన్‌దే కట్టించనా అని అడిగి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ముందే అడగాల్సిన మాట మరిచిపోయాను. దీని మీద వంట చేసేది ఎవరండీ? వండేవాళ్ల చేతికి తగ్గట్టు ఉండాలి కదా."

తల్లి నోరు తెరిచింది. నేనే అందామంటే, నువ్విక గరిటె పట్టవని కొడుకు ముఖం మీదే చెప్పినట్టవుతుంది. వాడే అందామంటే, తన చేతులతో మళ్లీ ఆ మంటలోకే తోసినట్టు ఉంటుంది. అటూ ఇటూ కాని మాట కోసం వెతికింది. దొరకలేదు. తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. గిన్నెలో నీళ్లు మరుగు తగ్గి, బుడగలు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. అమ్మాయి ఆమెనీ చూసింది, కొడుకునీ చూసింది, జవాబు కోసం ఆగింది. తల్లి గచ్చు వైపే చూస్తూ నిలబడింది. ఆమె ఇంతసేపు మాట్లాడకుండా ఉండడం ఎవరూ ఎరగరు.

"నేనండీ." వెనకనుంచి వచ్చిన కొడుకు గొంతు, తుప్పు పట్టిన గడియ తీసినట్టు బొంగురుగా ఉంది. "గ్యాస్‌దే ఇవ్వండి. మంటంటే భయం మా అమ్మకి, నాకు కాదు."