పడుగు దిగినంక

"మగ్గం మీద ఇంకా రెండు చీరలున్నయి టీచరమ్మా. పడుగు దిగినంక పోదాం" అన్నాడు వెంకటనర్సు, మగ్గం గుంటలోంచి లేవకుండానే.

వారంలో అతను ఈ మాట అనడం ఇది నాలుగోసారి. రోజారమణి గడప మీద కూర్చుంది. బడి నుంచి వచ్చి ఇంకా భుజం మీది సంచి కూడా దించలేదు.

ఆత్మకూర్ హైస్కూలుకు బదిలీ మీద వచ్చి, వెంకటనర్సు ఇంట్లో ముందుగది కిరాయికి తీసుకుని ఆమెకు రెండేళ్లయింది. అంతకుముందు నందికొండలో ఉండేది. భర్త మురళీమోహన్ కూడా టీచరే. మెడలో నరం పూడుకుపోయే జబ్బుతో పోయాడని ఈ ఇంట్లో వాళ్లకు తెలుసు. అంతకుమించి ఆమె చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

నెల కింద వెంకటనర్సుకు నేస్తూ నేస్తూ ఉండగా ఎడమ కంటి మీదికి నల్లపరదా దిగింది. ఐదు నిమిషాలకు దానంతటదే లేచిపోయింది. పట్టుపోగులు చూసీ చూసీ కన్ను అలసిందనుకున్నాడు. మగ్గం మీద కూర్చునే ప్రతివాడూ అలాగే అనుకుంటాడు. కొత్త అద్దాలు చేయించుకున్నాడు. పరదా మళ్లీ దిగింది.

ఆ సంగతి చెవిన పడ్డ మర్నాడే రోజారమణి అతన్ని మహబూబ్‌నగర్ బస్సెక్కించింది. అక్కడి డాక్టరు కంటిని వదిలేసి మెడ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. జెల్లు రాసి స్కానింగ్ తీయించాడు. ఎడమవైపు మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం నూటికి ఎనభై వంతులు పూడిపోయి ఉంది. ఆ పూడికలోంచి ముక్క ఊడి కంటికి పోతే పరదా, మెదడుకు పోతే పక్షవాతం.

రెండు వారాల్లోగా మెడ దగ్గర కోసి నాళం శుభ్రం చేయాలన్నాడు హైదరాబాదులో పెద్ద డాక్టరు. చేయకపోతే ఇలాంటివాళ్లలో వందకు పాతికమంది రెండేళ్లలో మంచాన పడతారన్నాడు. ఆపరేషన్ అప్పుడే నలుగురైదుగురికి ప్రమాదం జరగొచ్చని కూడా దాచకుండా చెప్పాడు.

"ఆ నలుగురైదుగురు ఎవరో ముందుగా తెలియదా?" అని అడిగింది రోజారమణి.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

ఆ రెండు వారాల్లో పదిరోజులు గడిచిపోయాయి.

"మా నాయిన పడుగు దింపనిది పెండ్లికి గూడ పోకపోతుండె" అన్నాడు వెంకటనర్సు.

"ఆయన రాలేదని ఎవ్వల పెండ్లీ ఆగలే" అంది లోపలినుంచి అతని భార్య లక్ష్మీనర్సమ్మ. "నీకు పడుగు అడ్డమున్నదంటే గా నరం ఆగుతదా?"

"నువ్వు ఊకోయే. మెడ కోస్తరంట. పొట్టేలును గూడ పండుగ దాక ఆగి కోస్తరు."

తన మాటకు తనే నవ్వాడు. లక్ష్మీనర్సమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"జరసేపటి కింద పోగు నడిపే నాడె చేతుల నుంచి జారిపడ్డది టీచరమ్మా. కుడిచెయ్యి. తీద్దామంటే వేళ్లు ముడుసుకుంటలేవు. మాట గూడ తొట్రుపడ్డది. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

వెంకటనర్సు తల దించుకున్నాడు. ఇప్పుడు ఆ వేళ్లు మామూలుగానే ఉన్నాయి. పడుగు మీద పోగును సరిచేస్తున్నట్టు ఊరికే కదిలిస్తున్నాడు.

రోజారమణి లేచి వెళ్లి గుంట పక్కన కూర్చుంది. చెప్పాల్సిన మాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఏ మాట తర్వాత ఏ మాట చెబితే మనిషి మెత్తబడతాడో కూడా తెలుసు. అవే మాటలు మళ్లీ చెప్పాలంటే ఒంట్లో ఓపిక లేనట్టు అనిపించింది.

"భయం అయితదన్నా. భయపడుకుంటనే పోదాం. ఆగితే ఏమైతదో నీ చెయ్యే చెప్పింది గదా. ఒక్క చేతితోని నేస్తవా?"

అతను పడుగు మీది నుంచి చెయ్యి తీశాడు.

"మీ సారు గూడ గిట్లనే రేపు మాపు అన్నడా టీచరమ్మా?"

రోజారమణి అతని కుడిచేతి వైపు చూసింది.

"సారుకు యాభై రెండేండ్లన్నా" అంది. "ఇంకా తొమ్మిదేండ్ల సర్వీసుండె."

వెంకటనర్సు అర్థమైనట్టు తల ఊపాడు. నాడెను పక్కన పెట్టి, గుంటలోంచి కాళ్లు పైకి తీశాడు.

"నువ్వు గూడ వస్తవా? నువ్వుంటే నాకు ధైర్యం."

"వస్త. లోపలికి తీస్కపోయేదాక నీ పక్కనే ఉంట."

ఆమె హైదరాబాదు డాక్టరుకు ఫోన్ చేసింది. ఒక్క పూట కూడా ఆగొద్దు, వెంటనే బయలుదేరండి అన్నాడాయన. కారు మాట్లాడింది. లక్ష్మీనర్సమ్మ ఏడుస్తూనే బట్టలు సర్దుతుంటే, "గా పడుగు మీద గుడ్డ కప్పవే, దుమ్ము పడ్తది" అని వెంకటనర్సు కేకేశాడు.

రోజారమణి తన గదిలోకి పోయి సెలవుచీటీ రాయడానికి కూర్చుంది. కారణం అన్నచోట పెన్ను ఆగింది. కాసేపటికి 'సొంత పని' అని రాసింది.

కిటికీ అవతల వెంకటనర్సు పక్కింటి జంగయ్యతో అంటున్నాడు: "సారు చేసిన తప్పు నేను చెయ్యనే. టీచరమ్మ మాట ఇన్న."

మూడేళ్ల కింద మురళీమోహన్ ఒక్కరోజు కూడా వాయిదా వేయలేదు. డాక్టరు చెప్పిన వారంలోనే, భార్య మాట విని, ఆపరేషన్ గదిలోకి నడుచుకుంటూ పోయాడు, మళ్లీ కళ్లు తెరవలేదు.