తల్లి కోడు, బిడ్డ కోడు

“అంటే పాతికేళ్లుగా మేం వేసిన తాళం తాళమే కాదంటావా?” అంది బీరువా అక్క.

“తాళమేనక్కా. తాళంచెవి పక్కనే వేలాడుతోంది, అంతే,” అన్నాడు ప్రోగ్రామరు తెర మీంచి చూపు తిప్పకుండా.

అది దత్తత కేంద్రంలో రికార్డు గది. పాత బీరువాల తాళాలన్నీ తన దగ్గరే ఉంటాయి కనుక ఆవిడ అందరికీ బీరువా అక్క. అక్కడ బిడ్డను అప్పగించే తల్లికి ఒక కోడు, బిడ్డకు ఒక కోడు ఇస్తారు. పద్దెనిమిదేళ్లు నిండాక బిడ్డ చేతికి తన కోడు అందుతుంది. తల్లి కోడు మాత్రం తల్లికి తప్ప ఎవరికీ తెలియకూడదు. దాంతో తెరిచే పేజీలో ఆవిడ పేరు, చిరునామా ఉంటాయి.

అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా కనిపించే ఆ కోడ్లను పాత ప్రోగ్రాం గడియారంలోని క్షణాన్ని బట్టి అల్లుతోంది. ముందు తల్లిది, ఆ వెంటనే బిడ్డది.

“బిడ్డ కోడు చేతిలో ఉంటే తల్లి కోడు లెక్క కట్టేయొచ్చు. ఒక పూట పని.”

“మరి ఇప్పుడో?”

“ఇక ఏ లెక్కకీ అందదు. పాతవాళ్లందరికీ కొత్త కోడ్లు వెళ్తాయి. సున్నా, ఇంగ్లీషు ‘ఓ’ ఒకేలా ఉండి తికమక పెడుతున్నాయని రెండూ తీసేశాను.”

“బతికించావు! ఆ సున్నా వల్ల ఫోన్లో తిన్నన్ని తిట్లు మా అత్తగారి దగ్గర కూడా తినలేదు.”

అతను నవ్వాడు. ఆవిడ మాత్రం వెళ్లకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ప్రతి సోమవారం ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. ‘మా అమ్మ ఏమైనా రాసిందా’ అని ఒకటే మాట. ఆరేళ్లుగా లేదనే చెప్తున్నా. ఆ లెక్కేదో ఆ ఒక్క పిల్లకీ కట్టిపెట్టు. తర్వాత మూసేద్దువుగాని.”

“వద్దక్కా.”

“దూరం నుంచి మొహం చూసుకుని వచ్చేస్తుంది. అంతేగా?”

అతని వేళ్లు ఆగాయి. “దూరం నుంచి చూసి ఆగడం ఎవరి తరం?”

“ఇంటికెళ్తే అమ్మా అని పిలిచేవాడివి. నీకేం తెలుస్తుందిలే బాబూ, ఆ ఆకలి!”

అతను తెర ఆవిడ వైపు తిప్పాడు. తల్లి పేజీలో కొత్తగా చేర్చిన వరుస చూపించాడు. ‘నా చిరునామా నా బిడ్డకు ఇవ్వండి.’

“ఇది తల్లి నొక్కాలి. ఆవిడ నొక్కితే ఆ రోజే బిడ్డకి కబురు అందుతుంది.”

“నొక్కకపోతే?”

“ఎదురుచూడాలి.”

మీట నొక్కాడు. పాత కోడ్లు ఒక్కొక్కటే చెరిగిపోతుంటే చివరిది పోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. బీరువా అక్క కళ్లు తుడుచుకుంది. కోపం ఇంకా పోలేదు.

“పాతికేళ్లలో ఎవరికీ తట్టలేదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. పిలవకుండా వచ్చి, ఊరికే బాగుచేస్తానన్నావు. అసలీ లోపం నీకెలా తెలిసిందయ్యా?”

అతను లేచి సంచీ భుజాన వేసుకున్నాడు.

“పోయినేడు మా అమ్మ ఇల్లు అలాగే కనుక్కున్నానక్కా, తలుపేసుకుంది.”