ఎలుకలను పట్టిన చెయ్యి

ఎలుకల బీపీ చూసే ల్యాబులో కనకవ్వ ఇరవై రెండేళ్లు పనిచేసింది. బీపీ తగ్గేందుకు ఉసిరితో చేసిన యాంటీఆక్సిడెంట్ మందు పట్టించి, ఎలుకను అరచేతిలో పెట్టుకుని, అది నెమ్మదించాక తోకకు బీపీ చూసే పట్టీ వేసేది. వేరేవాళ్లు పట్టుకుంటే ఆ మందు పనిచేసేది కాదు. అందుకే ఆమె రిటైరయ్యే ముందు ఆ చేతికి అచ్చు తీసి, ఎలుకలను పట్టే యంత్రాలకు అలాంటి చేతులే చేయించారు.

ఇప్పుడు ఊరంతా ఆ మందే తాగుతోంది. కనకవ్వకు మాత్రం బీపీ దిగడం లేదు.

"మందు మానేస్తున్నవా అవ్వా?" ఫోన్‌లో అడిగింది డాక్టర్ హిమజ.

"రోజూ తాగుతున్న బిడ్డా. ఎలుకలకు పనిచేసింది, నాకెందుకు చేస్తలేదో!"

"ఇంట్ల ఎవరుంటరు?"

"టీవీ ఉంటది."

మర్నాడు ల్యాబు నుంచి పార్సిల్ వచ్చింది. లోపల మెత్తని రబ్బరు చెయ్యి ఉంది. మందు తాగాక పది నిమిషాలు దాన్ని పట్టుకోవాలని కాగితం మీద రాశారు.

కనకవ్వ మందు తాగి, అందులో తన చెయ్యి పెట్టింది. అది వెచ్చబడి మెల్లగా మూసుకుంది. ఆమె కళ్లు మూతలు పడ్డాయి. అంతలో దాని చూపుడు వేలి మీద ఏదో గరుకుగా తగిలింది. కళ్లజోడు పెట్టుకుని చూసింది. ల్యాబులో చేరిన ఏడాది ఎలుక కొరికితే తన వేలికి పడిన మచ్చ, సరిగ్గా అదే చోట ఉంది.

"ఎవరో వచ్చిన్రనుకున్న," అంది కనకవ్వ.