సేవ్ చెయ్యని పాఠం

దస్రు సారు భద్రాచలం రోడ్డు మీద బండి ప్రమాదంలో పోయిన రోజున, తండా పిల్లల కోసం లంబాడీలో ఒక పాఠం చెప్పి లాప్‌టాప్‌లో రికార్డు చేశాడు. "వచ్చినంక సేవ్ చేస్త" అని తెర లాక్ చేసి వెళ్లాడు. పాస్‌వర్డ్ భార్య ద్వాలికి తెలియదు. లాప్‌టాప్ ఆరిపోతే ఆయన గొంతు పోతుందని, చార్జింగ్ పెడుతూ, మూత మూసి నిద్రపుచ్చుతూ కాపాడుకొస్తోంది.

ఈ వారం దాన్ని నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే అప్‌డేట్ అయింది. అప్పటి నుంచి మూత వేసినా నిద్రపోవడం లేదు, లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

ఇవాళ పొద్దుగూకగానే వానకు కరెంటు పోయింది. అడవి అంచున ఆ ఇంట్లో లాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడొక్కటే మిగిలింది. బ్యాటరీ నాలుగు శాతానికి దిగేసరికి, బడి కంప్యూటర్లు బాగుచేసే తిరుపతికి ఫోన్ చేసింది.

"రీస్టార్ట్ చెయ్యక్కా, సక్కగైతది."

"పాఠం ఉంటదా?"

"సేవ్ చెయ్యకుంటే యాడుంటది? పోతది."

"అయితే నేను చెయ్య."

అంతలో చార్జర్ పెట్టినప్పుడు వచ్చే చిన్న శబ్దం వినిపించింది. చార్జర్ ఆమె ఒడిలోనే ఉంది. నాలుగు ఐదైంది, ఆరైంది.

"తిరుపతీ, చార్జింగ్ ఎక్కుతాంది."

"కరెంటే లేకపాయె, ఎట్లెక్కుతది? అప్‌డేట్ అయినంక గిట్ల తప్పు చూపిస్తయ్. నాకు భయమైతాంది, బంద్ చెయ్యక్కా!"

"భయమైతే ఫోన్ పెట్టెయ్."

ఫ్యాన్ ఆగింది, తెర మాత్రం వెలుగుతూనే ఉంది. ఆమె చేతులు ఒడిలోనే ఉన్నాయి. పాస్‌వర్డ్ గడిలో ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి.

ద్వాలి పీటను ఇంకా దగ్గరికి లాక్కుని తెరకు ఎదురుగా కూర్చుంది.

"ఎవరైతేంది, మొత్తం కొట్టు. నేనీడికెల్లి లెవ్వ."

గడి నిండా చుక్కలు పడ్డాయి. ఎంటర్ మాత్రం ఇంకా ఎవరూ నొక్కలేదు.