ఇలా అల్లకూడదు

నాగదుర్గ లేసు క్లాసు మూతపడిపోతుందట. ఎదురింటి అప్పాయమ్మ పొద్దున్నే కరివేపాకు కోసం వచ్చి, ఆకు ముట్టుకోకుండా అరగంట నిలబడి చెప్పిన కబురు అది.

పంచాయతీ హాల్లో గోడకి నాగదుర్గ రెండు లేసు పువ్వులు తగిలించిందట. ఒకదాని కింద ‘ఇలా అల్లాలి’ అనీ, రెండోదాని కింద ‘ఇలా అల్లకూడదు’ అనీ రాసిందట. ఆ రెండోది తనదేనని, క్లాసులో నేర్చుకునే నీలవేణి అలిగి అన్నం మానేసిందట. కాదు, తనదేనని చిన్నమ్మాయి అనే ఇంకో పిల్ల తన మొగుడి దగ్గర ఏడ్చిందట. ఇద్దరూ క్లాసుకి రావడం లేదు. వీళ్ళని చూసి ఇంకో ఇద్దరు మానేస్తే చాలు, డ్వాక్రా వాళ్ళు క్లాసు ఎత్తేసి పక్క ఊరికి ఇచ్చేస్తారట.

“మొదటిది మాత్రం నీదే వదినా. చూడగానే అందరూ పోల్చుకున్నారు” అని, అప్పాయమ్మ అప్పుడు కరివేపాకు కోసుకుంది.

సంపూర్ణమ్మ పైకి నవ్వలేదు గానీ, వెళుతున్న అప్పాయమ్మని పిలిచి రెండు నిమ్మకాయలు కూడా ఇచ్చింది.

నరసాపురం నించి కాపురానికి వస్తూ, ఆ ఊరికి లేసు సూది పట్టుకొచ్చింది ఆవిడే. కోడలు నాగదుర్గకి నేర్పిందీ ఆవిడే. ఆవిడ అల్లిన ముక్కని, లేసు కొనే ఏజెంటు వీరబ్రహ్మం ఒక్కనాడూ వెనక్కి పంపి ఎరగడు. ఆవిడ గడప దాటడం తగ్గించాక, కోడలే సంచీలో పెట్టుకెళ్ళి ఇచ్చి వచ్చేది. వచ్చి, “బాగుందన్నారండి” అని చెప్పేది.

మొన్న వేసవిలో భీమవరంలో కళ్ళ ఆపరేషను అయిన దగ్గర్నించీ సంపూర్ణమ్మ ఇంట్లో ఎవర్నీ కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అటక మీద బూజు, గిన్నె అడుగున మసి, కొడుకు చొక్కాకి ఊడిన గుండీ, అన్నీ ఆవిడకే కనిపిస్తాయి. అలాంటిది, కోడలి క్లాసు కూలిపోతుంటే చూస్తూ ఊరుకుంటుందా?

మధ్యాహ్నం భోజనాల దగ్గర నిలదీసింది.

“ఎవరిదే ఆ రెండోది?”

“క్లాసులో ఎవరిదీ కాదండి. అదే చెప్పాను. నమ్మట్లేదు.”

“పోనీ నువ్వే అల్లావా?”

“కావాలని తప్పు అల్లబోతే చెయ్యి రాలేదండి. మీరు నేర్పిన చెయ్యి కదా.”

ఆ మాటకి సంపూర్ణమ్మ మెత్తబడింది. మరి ఎవరిదన్న ప్రశ్న మాత్రం గొంతులోనే ఉంది. అది బయటికి వచ్చేలోపు నాగదుర్గ ఇంకో గరిటె పులుసు పోసి, చల్లారిపోతుంది, ముందు తినమంది.

సాయంత్రం తనూ క్లాసుకి వస్తానంటే నాగదుర్గ నూరు వంకలు పెట్టింది. ఎండ అంది. దుమ్ము పడకూడదని డాక్టరుగారు చెప్పారంది. సంపూర్ణమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కోడలికన్నా ముందే గుమ్మం దిగింది. అప్పాయమ్మ చేత కబురు పంపి, అలిగిన ఇద్దరినీ కూడా హాలుకి రప్పించింది.

గోడ మీద మొదటి పువ్వుని చూడగానే ఆవిడ మొహం వెలిగింది. రెండోదాన్ని ఊడదీసి, కళ్ళద్దాలు తీసి, కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. చూసి నిట్టూర్చింది.

“రేకకీ రేకకీ పొంతన లేదు. ఇదిగో, ఇక్కడ గొలుసు జారిపోయింది. ఇక్కడేమో ఒకే కన్నంలో రెండుసార్లు సూది దూర్చారు. చేత్తో అల్లారా, కాలితో అల్లారా దీన్ని?”

హాలంతా గొల్లున నవ్వింది. నీలవేణి తల దించుకుంది.

“నువ్వు తలెత్తు. నీ చెయ్యి బిగువు, ఇదంతా వదులు. నీది కాదు. చిన్నమ్మాయీ, నీదీ కాదే. నువ్వు లెక్క తప్పుతావు గానీ ముడి ఇలా వెయ్యవు. ఈ ముడి చూశారా? నా ముడిలా వెయ్యబోయారు. కాపీ కొట్టడం కూడా చాతకాలేదు.”

చిన్నమ్మాయి ఏడుపు ఆపి పకపకా నవ్వింది. నీలవేణి చాప మీద సగం కూర్చుని, మళ్ళీ లేచింది. మా ఇద్దరిదీ కాకపోతే మరి ఎవరిదో ఆ పేరు చెప్పమనండి, అప్పుడే కూర్చుంటానంది. మిగతావాళ్ళూ వంత పాడారు. పేరు తెలియకపోతే రేపు మళ్ళీ ఎవరికి వాళ్ళు తమదేననుకుంటారు.

“ఇంకెందుకండీ, పొద్దుపోయింది, ఇంటికెళదాం” అని నాగదుర్గ అత్తగారి చేతిలోంచి ఆ పువ్వుని తీసుకోబోయింది.

సంపూర్ణమ్మ ఇవ్వలేదు. దాన్ని పైకెత్తి అందరికీ చూపిస్తూ, తను ఊళ్ళో నలుగురికీ సూది పట్టడం నేర్పిన రోజుల్లో కూడా ఇంత అందంగా ఎవరూ చెడగొట్టలేదంది. మళ్ళీ నవ్వులు. ఆవిడ ఓరగా అప్పాయమ్మ వైపు చూసింది. అప్పాయమ్మ గబగబా రెండు చేతులూ ఊపి, జన్మలో తను సూది పట్టలేదంది.

ఆవిడ కోడలి వైపు తిరిగింది. “నీకెందుకే మొహమాటం? నీ క్లాసు నిలబడాలంటే చెప్పాల్సిందే. ఎవరైనా సరే, నేను దగ్గర కూర్చోబెట్టుకుని మొదట్నించీ నేర్పుతాను. ఏమీ అననులే. చెప్పు.”

నాగదుర్గ తలుపు వైపు చూసింది. నీలవేణి ఇంకా నిలబడే ఉంది.

“అదీ మీదేనండి అత్తయ్యగారూ, ఆపరేషనుకి ముందుది.”