ఉప్పుకోట తలుపు

“ఈ పుస్తకం మీ షాపుదేనా, బాబాయ్?”

వరహాలు దారాన్ని ఒక్క ప్రయత్నంలో సూదిలోకి ఎక్కించి, అప్పుడు తలెత్తాడు. దువ్వాడ స్టేషన్ రోడ్డులో ఒకప్పుడు అది అద్దె పుస్తకాల షాపు. ఇప్పుడు ముందంతా కూల్‌డ్రింకులూ చిప్స్ పాకెట్లూ. పుస్తకాలు వెనక ఒక్క బీరువాలో మిగిలాయి. వాటిలో ఊడిపోయినవాటికి అట్టలు కుట్టుకుంటూ ఆయన పొద్దుపుచ్చుతాడు.

కౌంటర్ ముందు నలభై ఏళ్ళ స్త్రీ నిలబడి ఉంది. ఆమె పెట్టిన కామిక్ అట్ట మీద ఎర్ర రంగు చేప గుర్తు.

“నాదే. ఆ సేప నానే ఏసేను. ‘ఉప్పుకోట’ పుస్తకాలన్నిటికీ సేపే గుర్తు. ఇది పద్నాలుగోది. దీంతో కంపెనీవోడు ఆపేసేడు.”

“తిరిగివ్వడానికి వచ్చాను. ముప్పై ఏళ్ళు ఆలస్యమైంది.”

“గోపిగాడు పంపేడేటి?” వరహాలు మొహం విచ్చుకుంది. “ఆడు తప్ప దీన్ని ఇంకెవులూ ముట్టలేదమ్మా. మిగతా పిల్లలకి కత్తులు, తుపాకులు ఉండాల. ఇందులో ఏటుంది? ఒక కుర్రోడు, సముద్రం అడుగున కోట, తెరుసుకోని తలుపు. ఆడు మాత్రం ఇదిగో, ఈ బల్ల మీద కూకొని పైకి సదివీవోడు. పదిహేనోది ఎంతకీ రాలేదు. అది వచ్చిందాకా అని ఇదే మళ్ళీమళ్ళీ అట్టుకెళ్ళి తెచ్చీవోడు. ఆకరికి అట్టుకెళ్ళి మరి రానేలేదు. ఎలగున్నాడు?”

“పోయారు. రెండు నెలలైంది. నేను ఆయన భార్యని, మహేశ్వరి.”

బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. వరహాలు సూదిని అట్టకు గుచ్చి పక్కన పెట్టాడు.

“ఏటయింది తల్లీ?”

“కిడ్నీలు. స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు వెల్డరుగా చేసేవారు. ఇరుకు సందుల్లో ఎడంచేత్తో కూడా అతుకు వేస్తారని ఎక్కడ పనున్నా ఆయన్నే పిలిచేవారు. పని వరకే పిలుపు. పెద్దకార్యానికి నలభై మంది భోంచేశారు. గోపి నా ఫ్రెండు అన్నవాడు ఒక్కడు లేడు.”

“సిన్నప్పుడూ అంతే. ఎవులితోనూ కలిసీవోడు కాదు.”

“నాతోనూ అంతే. పదహారేళ్ళలో కూరలో ఉప్పు తక్కువైందని కూడా అనలేదు. ఆఖరి రోజు మాత్రం ఒక మాటన్నారు. ‘నాకొక ఫ్రెండున్నాడు, ఉప్పుకోటలో’ అని. జ్వరంలో ఏదో అంటున్నారనుకున్నాను. పెట్టె సర్దుతుంటే ఇది దొరికింది. చూడండి.”

పుస్తకం తెరిచింది. ప్రతి పేజీ అంచునా రాతలు. నీలం సిరాతో ఒక మాట. దాని కింద పెన్సిల్‌తో, ఎడమకు వాలిన అక్షరాల్లో ఇంకో మాట.

“అద్దాలు ఇంటికాడున్నాయి. నువ్వే సదువమ్మా.”

మహేశ్వరి వేలు పెట్టి చదివింది. “సిరా ఆయనది. ‘తలుపు వెనక ఎవరు?’ కింద పెన్సిల్, ‘నేనే.’ ‘నీ పేరేంటి?’ ‘అడక్కు.’ ‘మా నాన్న ఈరోజు కూడా కొట్టాడు.’ ‘ఇక్కడికొచ్చెయ్. ఇక్కడ ఎవరూ కొట్టరు.’ ఇలా పుస్తకమంతా.” చివరి పేజీ తిప్పింది. “‘కామిక్ ఆపేశారట. ఇంక మనం ఎక్కడ కలుస్తాం?’ దీనికి జవాబు లేదు.”

ఆమె గొంతు మొదటి నుంచీ ఒకేలా ఉంది.

“ఈ పెన్సిల్ మనిషి ఎవరు బాబాయ్? మీ రిజిస్టర్‌లో ఉంటుందేమో.”

“అందులో ఎవుల పేరు ఆలే రాసుకునీవోరు. సెదలు తినీసినాయి. ఇప్పుడు తెలుసుకొని ఏటి సేత్తావు?”

“ఒక్కసారి చూస్తాను. ఆయనకు ఒక్క మనిషైనా ఉన్నాడంటే, ఏడుపొస్తుందేమో. ఇప్పటిదాకా రాలేదు. అత్తగారు అందరితో చెబుతోంది, నేను రాయినని.”

వరహాలు పేజీ అంచు మడతను వేలితో సరిచేశాడు.

“ఆయన తప్ప ఇంకెవరూ ముట్టలేదన్నారు కదా?”

“అవును.”

“మరి ఆయన తిరిగిచ్చినప్పుడల్లా ఇది ఎక్కడుండేది?”

“ఇక్కడే. ఈ బీరువాలో.”

మహేశ్వరి పుస్తకం మీంచి చూపు తీసి అతన్ని చూసింది. “అయితే మీరే.”

స్టేషన్ వైపు గూడ్సు బండి పోతోంది. బొగ్గు వ్యాగన్లన్నీ దాటేదాకా వరహాలు అటే చూశాడు.

“నానే,” అన్నాడు.

“చివరిదానికి జవాబెందుకు రాయలేదు?”

“ఆడు పుస్తకం తేలేదు కదమ్మా. ఎక్కడ రాసీది?”

“ఇప్పుడు రాయండి.” హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పొట్టి పెన్సిల్ తీసింది. “ఆయన చొక్కా జేబులోది. పెన్ను పక్కన ఎప్పుడూ ఇదొకటి ఉండాల్సిందే.”

వరహాలు పెన్సిల్ పట్టుకుని చివరి బొమ్మను చాలాసేపు చూశాడు. మూసిన తలుపు. ముందు ఒంటరిగా కుర్రాడు. కింద జానెడు ఖాళీ. ఆ ఖాళీలో మెల్లగా గీయడం మొదలుపెట్టాడు. అదే తలుపు, బార్లా తెరిచి. లోపల ఒక దీపం. దీపం దగ్గర పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు.

“మాటలు రాయలేదేం?”

“తలుపు తెరిసినాక మాటలెందుకమ్మా?”

మహేశ్వరి పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకుంది. మెట్టు దిగబోయి అక్కడే కూర్చుండిపోయింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత శబ్దం వచ్చింది. రోడ్డు మీద పోతున్నవాళ్ళు ఆగి చూశారు. వరహాలు నీళ్ళ బాటిల్ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగి ఆటో పిలిచాడు.

ఆటో కూర్మన్నపాలెం వైపు మళ్ళాక వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. సగంలో ఆపిన అట్టను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

వరహాలుకు అక్షరం ముక్క రాదు.