గెట్టర్ అత్తయ్య

"అయిదు గొట్టేలోపు ఫోన్ చెయ్యమ్మా. లేకుంటే ఇంకొకల్లను పెట్టుకుంట. జెర జల్దీ," అన్నాడు సత్తయ్య సార్. పటాన్‌చెరులో ఆయనదో కంప్యూటర్ కోచింగ్ సెంటర్.

పొద్దున వీరలక్ష్మి అక్కడ డెమో క్లాసు చెప్పింది. ప్రోగ్రాములో ప్రైవేట్‌గా దాచిన విలువను ఎవరూ నేరుగా ముట్టుకోకూడదు, తెలుసుకోవాలంటే గెట్టర్‌ని అడగాలి, మార్చాలంటే సెట్టర్‌కి చెప్పాలి అంటే పిల్లలు గుడ్లప్పగించి చూశారు.

"సరే, మా మామగారున్నారనుకోండి. ఆయన మనసులో మాట ప్రైవేట్. కోడలు ఎదురుపడి అడగకూడదు. అత్తయ్య లోపలికెళ్లి కనుక్కొస్తుంది. ఆవిడ ఏం చెబితే అదే మామగారి మాట. అత్తయ్యే గెట్టర్, అత్తయ్యే సెట్టర్!"

క్లాసంతా గొల్లున నవ్వింది. ఉద్యోగం ఖాయమైంది.

ఇంటికొచ్చాక ఆ నవ్వు ఎగిరిపోయింది. కాజీపల్లిలో భర్త నరసరాజు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి నెలలవుతోంది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ ఉద్యోగం ఒక్కటే దిక్కు.

"అత్తయ్యా, మామయ్యగారిని ఒక్కసారి అడగండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

లక్ష్మీనరసమ్మ కాఫీ గ్లాసుతో లోపలి గదిలోకి వెళ్లి తలుపు చేరవేసుకుంది. కాసేపటికి బయటికొచ్చి పెదవి విరిచింది.

"వద్దన్నారే. కోడలి సంపాదన తినే ఖర్మ మనకేంటన్నారు. చూడు, కాఫీ కూడా ముట్టలేదు."

నిరుడు స్కూల్లో టీచరు పనొచ్చినప్పుడూ ఇదే మాట. నరసరాజు తల వంచుకుని వీధిలోకి నడిచాడు. తండ్రి మాటంటే ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తరు. ఆ గదిలోకి అత్తగారు తప్ప ఎవరూ అడుగు పెట్టరు.

నాలుగున్నరైంది. వీరలక్ష్మికి ఏడుపు తన్నుకొచ్చింది. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. ఛీ, ఇంకెన్నాళ్లు భయపడి చావాలి? గబుక్కున లేచి ఆ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లి గడియ పెట్టింది.

"ఒసేయ్! నీకేం పోయేకాలం వచ్చిందే! బయటికి రా!" లక్ష్మీనరసమ్మ తలుపు బాదింది.

కాసేపటికి వీరలక్ష్మి గడియ తీసింది. కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నేనే అడిగానత్తయ్యా. వెళ్లమన్నారు."

"అబ..." అంటూ నోరు తెరిచిన అత్తగారు అక్కడే ఆగిపోయింది. వీరలక్ష్మి చెప్పులేసుకుని ఎస్టీడీ బూత్‌ వైపు పరుగెత్తింది.

అబద్ధమని అనాలంటే, ఆ గదిలో దండ వేసిన మామగారి ఫొటో మూడేళ్లుగా ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేదని ముందు ఆవిడే ఒప్పుకోవాలి.